గడువు దాటిన ఆహారము

పట్టణములలో మేమెఱిగిన యిండ్లయందు తఱచుగా జరుగు చిన్న సంగతి యొకటి కలదు. ఇల్లాలు అలమార సవరించుచుండగా సేమియా పొట్లమో బిస్కత్తుల పొట్లమో చేతికి తగులును. ఫలానా తేదీకి మునుపు తినుట శ్రేష్ఠమని దానిమీద అచ్చువేసియుండును. ఆ తేదీ గడచి పది దినములైనది. ఆమె దానిని త్రిప్పి చూచి, పిల్లలకు పెట్టరాదని ప్రక్కన నుంచి, సాయంకాలము పనిమనిషి రాగానే "ఇదిగో, మీ పిల్లలకు పట్టుకొనిపో" యని చేతిలో పెట్టును. తాను దానము చేసితినని సంతోషించును. ఆ దానమును గూర్చి మేమొక ప్రశ్న వేయవలసియున్నది. పొట్లములోనిది హాని చేయునదే యైనచో పనిమనిషి పిల్లలకు మాత్రము హాని చేయదా? హాని చేయనిదైనచో తన పిల్లలకేల పెట్టరాదు?

ఈ రెండు ప్రశ్నల నడుమ తప్పించుకొనుటకు సందు లేదు. కావున నిలువయున్న పదార్థము తినదగినదా కాదా యని తేల్చుకొనుట వంటయింటి నేర్పు మాత్రమే కాదు. అది ధర్మవిచారము కూడ. తేల్చుకొనుటకు వెనుకటివారు ఏ కొలతలు వాడిరి? అవి యెక్కడ సరిపోయెను, ఎక్కడ తప్పెను? డబ్బామీది తేదీ యెట్లు పుట్టినది? అది నిజముగా మనకేమి చెప్పుచున్నది? ఈ సంగతులను చరిత్రనడిగి తెలిసికొందము.

ఆహారమునకు గడువు పెట్టుట మనకు క్రొత్త కాదు. భగవద్గీత పదునేడవ యధ్యాయమున తామసాహారమును చెప్పుచోట యాతయామము, పర్యుషితము అను మాటలు కలవు. వండి జాము గడచినది మొదటిది. రాత్రి నిలిచినది రెండవది. ఇది కాలమును బట్టి చేసిన నియమమే కాని వస్తువును బట్టి చేసినది కాదు. అయినను ధర్మశాస్త్రకారులు లోకానుభవమును బొత్తిగా విడువలేదు. మనుస్మృతి యైదవ యధ్యాయమున, నేయి నూనెలు కలిసిన భక్ష్యములు నిలువయున్నను తినవచ్చుననియు, యవలతోను గోధుమలతోను పాలతోను చేసినవి చాలకాలమున్నను గ్రాహ్యములే యనియు మినహాయింపులున్నవి. అన్ని వస్తువులకు ఒక్కటే గడువు చెల్లదని ఆ కాలముననే గ్రహించిరన్నమాట.

ఇక మన తెలుగునాట సామాన్యజనులకు ఆచారముకంటె అవసరమే బలవత్తరమైనది. ప్రొద్దుటనే పొలమునకు బోవు రైతునకు రాత్రి మిగిలిన చల్దియన్నమే ఆధారము. పోతన భాగవతమున గోపబాలురు ఊఱగాయలు నంజుకొనుచు చల్దులారగించు ఘట్టము నెఱుగని తెలుగువాడుండడు. ఆ ఊఱగాయయే మన పూర్వుల విజ్ఞానమునకు సాక్ష్యము. మామిడికాయను తడి లేకుండ తుడిచి తఱుగవలెను, ఉప్పునకు వెనుదీయరాదు, నూనె పైకి తేలవలెను, జాడీకి వాసెన కట్టవలెను, తడిగరిట ముంచరాదు. ఈ విధులలో ఏ తేదీయు లేదు. ప్రతి విధికిని ఒక కారణము మాత్రము కలదు. ఆ కారణమును చెప్పగల శాస్త్రము పుట్టుటకు చాలకాలము పట్టినది.

శాస్త్రమునకు మునుపు వ్యాపారము పుట్టినది. 1795లో ఫ్రెంచి ప్రభుత్వమువారు, సైన్యమునకును నౌకలకును ఆహారము చెడకుండ నిలువచేయు మార్గమును కనిపెట్టినవారికి 12,000 ఫ్రాంకులు బహుమాన మిత్తుమని ప్రకటించిరి. మిఠాయిలు చేయు వృత్తిలోనుండిన నికొలా అప్పేరు అనునతడు బహుకాలము శ్రమించి, పదార్థమును గాజుసీసాలలో నింపి, బిరడా బిగించి, సీసాలను మఱుగునీటిలో నుంచు పద్ధతిని సాధించెను. 1810లో బహుమానమును పొంది తన పద్ధతిని గ్రంథముగా ప్రకటించెను. ఆ యేడే ఇంగ్లండులో పీటర్ డ్యూరాండు గాజునకు బదులు తగరపుపూత గల యినుపడబ్బాను వాడుటకు పేటెంటు పొందెను. 1813 నాటికి లండనులోని బెర్మండ్సీయందు డబ్బాల కార్ఖానా నడచుచుండెను.

ఇంత జరిగినను, సీసాలోని పదార్థమెందుచేత చెడలేదో అప్పేరునకు తెలియదు. గే-లుస్సాక్ వంటి రసాయనశాస్త్రజ్ఞుడు సైతము గాలిలోని ప్రాణవాయువు తొలగిపోవుటయే కారణమని భ్రమించెను. క్రుళ్ళుటకు మూలము కంటికి కానరాని జీవులనియు, వేడి వానిని చంపుననియు పాస్తేరు నిరూపించుటకు మఱి యేబదియేండ్లు పట్టినది.

కారణము తెలియని పనిలో ఎట్టి ప్రమాదము గలదో 1852లో బయటపడెను. ఆ యేడు జనవరిలో ఇంగ్లండునందలి గాస్పోర్టు రేవున, నౌకాదళమునకు గోల్డ్నరు అను కంట్రాక్టరు సరఫరా చేసిన మాంసపుడబ్బాలను వందలకొలది తెఱచి చూడగా, వానిలో నధికభాగము క్రుళ్ళియుండెను. దుర్గంధమునకు పరీక్షకులు నిలువలేకపోయిరి. డబ్బాల పరిమాణము పెద్దదగుటచేత వేడి నడిమికి చేరలేదన్నది తరువాత విచారించినవారు చెప్పిన కారణములలో ముఖ్యమైనది. ఓడమీద నావికునకు వేఱొక భోజనము లేదు. డబ్బా తెఱచువఱకు లోనిది తెలియదు. అగ్గువకు కొనినవారొకరు, ఆకలికి గురియైనవారొకరు. ఈ భేదమును చదువరులు మనసున నుంచుకొందురుగాక.

ఇందుకు సరిగా ప్రతికూలమైన దృష్టాంతములును కలవు. 1824లో పారీ యను నౌకాధిపతి ఉత్తరధ్రువ సముద్రములకు వెడలినప్పుడు వెంట గొనిపోయిన మాంసపుడబ్బా యొకటి తెఱువబడకయే తిరిగివచ్చి, ఇంగ్లండులో నూఱేండ్లకు పైబడి నిలిచియుండెను. 1938లో జాక్ డ్రమ్మండు మొదలగు శాస్త్రజ్ఞులు దానిని తెఱచి, ఆ మాంసమును ఎలుకలకును పిల్లికిని పెట్టి చూచిరి. వానికి ఏ బాధయు కలుగలేదు. బెర్ట్రాండు అను పొగయోడ అమెరికాలో ఒమాహా నగరమునకు ఎగువను మిస్సోరీ నదిలో 1865 ఏప్రిలు 1వ తేదీని మునిగి, 1968లో మట్టిక్రింద దొరకెను. అందలి పీచుపండ్ల డబ్బాలు, టొమాటోల డబ్బాలు మొదలైనవానిని 1974లో పరీక్షింపగా రంగును వాసనయు చెడియుండెను; ఏ, సీ విటమినులు చాలవఱకు నశించియుండెను. కాని సూక్ష్మజీవులేవియు పెరుగలేదనియు, డబ్బాలో నింపిన నాడెంత క్షేమమో నేడు నంతే క్షేమమనియు పరీక్షకులు చెప్పిరి.

గోల్డ్నరు డబ్బా క్రొత్తదే యైనను హేయమైనది; పారీ డబ్బా నూట పదునాలుగేండ్లదే యైనను నిర్దోషమైనది. కాలము రుచిని తగ్గించును, సత్తువను తగ్గించును, రంగు మాపును. విషమును మాత్రము కాలము తనంతట తాను పుట్టింపదు. విషమును పుట్టించునది జీవము. ఆ జీవమునకు కావలసినవి తడి, వెచ్చదనము, తగిన ఆహారము. ఈ మూడును సమకూడినచో ఒక్క రాత్రి చాలును. సమకూడనిచో ఒక శతాబ్దమైనను చాలదు.

ఇంతవఱకు చదివినవారు, "అట్లైన ముక్కున్నది గదా, వాసన చూచి తెలిసికొందము, తేదీతో పనియేమి?" యని యందురేమో. ఇచ్చటనే చరిత్ర రెండవ పాఠము చెప్పుచున్నది. 1895 డిసెంబరులో బెల్జియము దేశమున ఎల్లెజెల్ అను గ్రామమందు ఒక అంత్యక్రియకు వాద్యములు వాయించుటకు వచ్చినవారు భోజనమున ఉప్పులో నూఱిన పందిమాంసమును తినిరి. పెక్కండ్రకు చూపు మసకలై, మాట పడిపోయి, మ్రింగుట కష్టమయ్యెను, ముగ్గురు మరణించిరి. ఆ మాంసము క్రుళ్ళినట్లు కానరాలేదు. వాన్ ఎర్మెంగెం అను పండితుడు దానిని శోధించి, గాలి చొరని చోటనే పెరిగి మహావిషమును వదలు సూక్ష్మజీవిని కనుగొనెను. అంతకు మునుపే, 1820లో, కవియు వైద్యుడునైన యుస్టినస్ కెర్నరు జర్మనీలో మాంసపు సాసేజిలవలన కలుగు నీ విషబాధనే వర్ణించియుండెను. బొట్యులిజమని దీనికి పేరు. దీని బీజములు మఱుగునీటికి సైతము చావవు. 1919–20 సంవత్సరములలో అమెరికాలో సీసాలలో నిలువచేసిన ఆలివుకాయలు తిని పెక్కండ్రు మరణించిన పిమ్మట, పులుపు తక్కువైన పదార్థములను ఆవిరి యొత్తిడితో మఱుగుటకంటె నధికమైన వేడికి గుఱిచేయుట కార్ఖానాలకు నియమమయ్యెను. అందుకు నేడు సాధారణముగా వాడు వేడి 121 డిగ్రీల సెంటిగ్రేడు.

పులుపు గట్టిగా నున్నచోట ఈ బీజము మొలకెత్తజాలదు. మన ఆవకాయను రక్షించునది నూనె మాత్రమే కాదనియు, మామిడి పులుపును, ఉప్పును, తడిలేమియు కలిసి రక్షించుననియు దీనినిబట్టి తేలుచున్నది. 1985లో కెనడాలోని వాంకూవరునందు నూనెలో నుంచిన వెల్లుల్లిముద్ద తినినవారికి ఈ వ్యాధియే సంభవించినది. ఆ ముద్దలో పులుపు లేదు. పైనున్న నూనె గాలిని చొరనీయక జీవికే తోడ్పడినది. కాబట్టి నూనెలో మునిగినదంతయు ఊఱగాయ కాదని గృహిణులు గుర్తింపవలెను. పెద్దల విధి వెనుకనున్న కారణము నెఱుగక విధిలో సగము మాత్రమే పాటించుట, విధినే మఱచుటకంటె ప్రమాదకరము.

అన్నము సంగతియు నిట్టిదే. 1970 తరువాతి యేండ్లలో ఇంగ్లండునందు వేపుడన్నము తిని వాంతులు చేసికొనినవారిని పరీక్షించి, వండి గంటల తరబడి వెచ్చగా నుంచిన యన్నమున ఒక సూక్ష్మజీవి విషమును వదలుచున్నదని కనుగొనిరి. ఆ విషము మరల వేడిచేసినను పోదు. మధ్యాహ్నపుటన్నమును రాత్రికి "వేడిచేసితిమి గదా" యని నిశ్చింతగా తినువారు దీనిని తెలిసికొనవలెను. అన్నము మిగిలినచో ఆఱగానే, రెండు గంటలు దాటకమునుపే, రిఫ్రిజిరేటరులో నుంచుట మేలు.

అన్నిటికంటె దుఃఖకరమైన దృష్టాంతము మన దేశములోనిది. 1974లో కోతకాలమున అకాలవర్షములు కురిసి, రాజస్థానములోని బాంస్వాడా, గుజరాతులోని పంచమహల్ ప్రాంతములలో మొక్కజొన్న తడిసెను. గిరిజనులు ఆ కండెలనే నిలువచేసికొని తినిరి. బూజు పట్టిన గింజలలో అఫ్లటాక్సిన్ అను విషము పుట్టెను. కామెర్లును పొట్టవాపును వ్యాపించెను. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ గ్రామములకు బోయి శోధించి, 1975లో తమ పరిశీలనను లోకమునకు ప్రకటించిరి. వారు లెక్కించిన 397 మంది రోగులలో 106 మంది మరణించిరి. ఆ యిండ్లలోని యాహారమునే పంచుకొనిన కుక్కలకును అదే వ్యాధి వచ్చెను. ఆ గింజలమీద తేదీ లేదు. బూజు కంటికి కనబడుచునే యుండెను. అయినను తినిరి. ఏల తినిరి? వేఱొక గింజ లేదు గనుక. బీదవానికి తినదగిన దేదో తెలియకపోవుట కొన్నిచోట్ల నిజము. తెలిసియు మానలేకపోవుట అన్నిచోట్ల నిజము.

ఇక తేదీ పుట్టుక. మొదట కార్ఖానాలు డబ్బాలమీద అక్షరములు, అంకెలు కలిపిన రహస్యసంకేతములను వేయుచుండెను. అవి దుకాణదారునకు సరకు త్రిప్పుకొనుటకే కాని కొనువానికొఱకు కాదు. 1970 ప్రాంతమున కొనువారు మేల్కొని, ఆ రహస్యమును విప్పుడని యడుగసాగిరి. న్యూయార్కు రాష్ట్రమున 1977లో సంకేతముల యర్థమును వివరించు చిన్న పుస్తకమే వెలువడినది. దుకాణములు తామై తేదీలు వేయ మొదలిడెను. 1979లో అమెరికా పార్లమెంటుకు శాస్త్రసలహా నిచ్చు కార్యాలయము ఈ తేదీలను విచారించి, అవి సరకు తాజాదనమును తెలుపుటకు పనికివచ్చునే కాని, ఆరోగ్యరక్షణకు వానివలన ప్రయోజనము కలదనుటకు నిదర్శనము చాలదని చెప్పినది. నేటికిని ఆ దేశపు కేంద్రశాసనము తేదీని నిర్బంధించునది శిశువుల పాలపొడి యొక్కదానికే.

ఐరోపావారు తెలివిగా రెండు తేదీలను వేఱుచేసిరి. 1979 నాటి వారి శాసనమున "బెస్ట్ బిఫోర్" అను గుణపు గడువు మాత్రమే ముఖ్యముగా నుండెను. 1989లో, త్వరగా చెడి ప్రాణహాని చేయు పదార్థములకు "యూజ్ బై" అను క్షేమపు గడువును వేఱుగా ఏర్పఱచిరి. మొదటిది "ఈ దినమువఱకు మా సరకు రుచికి మేము పూచీ" యను వ్యాపారి మాట. రెండవది "ఈ దినము దాటిన తినవలదు" అను హెచ్చరిక. ఈ హెచ్చరిక యవసరమే. 1981లో కెనడాలో పచ్చికోసుకూరవలన లిస్టీరియా యను జీవి గర్భిణులకును శిశువులకును హాని చేసినప్పుడు, అది రిఫ్రిజిరేటరు చలిలో సైతము పెరుగుననియు, ఆహారముద్వారా వచ్చుననియు స్పష్టమయ్యెను. వాసన మాఱదు, రూపు మాఱదు. ఇట్టిచోట ముక్కునకు తీర్పు చెప్పు నధికారము లేదు.

మన దేశమున 2006 నాటి ఆహార భద్రతా శాసనము క్రింద 2011లో చేసిన నియమములలో రెండు పేర్లును చేరెను. 2020 నియమములను బట్టి తయారైన తేదీయు, గడువు ముగియు తేదీయు తప్పనిసరియైనవి. "బెస్ట్ బిఫోర్" అనునది యిష్టమైనచో వేయదగినదైనది. ఆ యేడే అక్టోబరు 1 నుండి విడిగా అమ్ము మిఠాయిలకు సైతము దుకాణమున గడువు ప్రకటింపవలెనని యుత్తరువైనది. ఇవి కొనువారికి మేలు చేయునవే. కాని గడువు ముగింపు తేదీ అటుకుల పొట్లముమీదను, పాల పొట్లముమీదను ఒకేరీతిగా నుండుటచేత, గుణపు గడువునకును క్షేమపు గడువునకును గల భేదము సామాన్యుని కంటికి కొంత మఱుగుపడినదని మా యభిప్రాయము.

భేదము తెలియనిచోట మూఢవిశ్వాసము ప్రవేశించును. వెనుకటివారు జామును చూచి పాఱవేసిరి. మనము అంకెను చూచి పాఱవేయుచున్నాము. వారిని నవ్వుటకు మనకేమి యర్హత? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమువారి 2024 నివేదికను బట్టి, 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందు నూటికి 60 పాళ్ళు ఇండ్లలో వ్యర్థమైనదే. అన్నము పరబ్రహ్మమని పిల్లలకు బోధించుచు దినుసులను చెత్తకుండీలో వేయువారము మనమే.

మఱి గృహస్థులు చేయవలసినదేమి? మొదట తేదీ ప్రక్కనున్న మాటను చదువవలెను. గడువు ముగియునని వ్రాసినదానిని, అందును పాలు, మాంసము, చేపలు, వండకయే తిను చల్లని పదార్థములు, శిశువుల ఆహారము అనువానిని, ఆ తేదీ దాటిన పిమ్మట ముట్టరాదు. రుచి చూచి పరీక్షింపనే కూడదు. గుణపు గడువు మాత్రమే దాటిన సేమియా, బిస్కత్తులు మొదలగు పొడిదినుసులను తెఱచి, తడి, పురుగు, ముక్కవాసన, బూజు ఉన్నవేమో చూచి, లేనిచో నిస్సందేహముగా వాడుకొనవచ్చును. బూజు పట్టిన వేరుసెనగపప్పును వేయించినను విషము పోదు గనుక పాఱవేయవలెను. ఉబ్బిన డబ్బాను, కాఱుచున్న డబ్బాను తేదీ యెంత ముందున్నను తినరాదు. ఏ తేదీయైనను మూత తీయని పొట్లమునకే, చెప్పినరీతిని భద్రపఱచిన పొట్లమునకే వర్తించును. మూత తీసిన దినమునుండి పూచీ మనది. అత్తగారు "మా కాలమున నేమియు కాలేదు" అన్నను, చదువుకొనిన కోడలు "తేదీ దాటినది" అన్నను, ఇద్దరును కారణము చెప్పవలెను. కారణము చెప్పిన మాటయే గెలువవలెను.

ఇప్పుడు మొదటి సంగతికి వత్తము. ఆ సేమియా పొట్లమును ఇల్లాలు విప్పి చూచినదనుకొందము. పురుగు లేదు, తడి లేదు, వాసన లేదు. అప్పుడామె దానిని ఆ సాయంకాలమే వండి, తన పిల్లలకును పనిమనిషి పిల్లలకును ఒకేచోట కూర్చుండబెట్టి పెట్టవలెను. చెడినదనుకొందము. అప్పుడు దానిని ఎవరికిని ఈయక, మట్టిలో పూడ్చిపెట్టవలెను. మూడవ మార్గము లేదు. మనము తినుటకు వెఱచినదానిని పరుల కిచ్చుట దానము కాదు. మన భయమును వారి కడుపున దాచుట. ఓడలోని నావికునకును, తడిసిన మొక్కజొన్న తినిన గిరిజనునకును జరిగిన యన్యాయము గొప్ప గిడ్డంగులలోను దూరపు టడవులలోను మాత్రమే పుట్టలేదు. అది మన యలమారలో, మన చేతిలోని పొట్లముతోనే మొదలగుచున్నది. దానిని మాన్పించు నధికారము ఏ ప్రభుత్వమునకును లేదు, మనకే కలదు.